నస్రీన్ పుస్తకంలో కుడి పేజీ

నేను చేసిన పనికి పడ్డ నింద ఒకటుంది. ఆరేళ్లుగా దాన్ని వేరే మనిషి మోస్తున్నాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు. తనమీద నింద పడిందని తెలుసు గానీ, ఎందుకు పడిందో తెలియదు. నాకు తెలుసు. తెలిసీ ఈ ఆరేళ్లూ పొద్దున్నే లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, బడికి పోయి, ప్రార్థనలో నిలబడి పిల్లలకు నిజం చెప్పమని చెబుతున్నాను.

మీకే ఎందుకు చెబుతున్నానో అడగకండి. మీరు నన్నెరగరు, అదొక్కటే కారణం. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. నా పేరు ఎలాగూ రాయను. నా ధైర్యం అంతవరకే వచ్చి ఆగింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందో పోదో నాకు తెలియదు. అసలు నేను చేసింది పాపమా, పొరపాటా అన్నదే ఇప్పటికీ తేలడం లేదు. ఒకరోజు పొరపాటే అనిపిస్తుంది. మర్నాడు అన్నం ముందు కూర్చుంటే, పొరపాటయితే ఆరేళ్లు దాచేదానివా అని లోపలి నుంచి ఎవరో అడుగుతారు.

పటాన్‌చెరు దగ్గర ఒక హైస్కూలుకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. అంతకుముందు ఇరవై ఏళ్లు తెలుగు చెప్పాను. నాది మంచి దస్తూరి. ఈ మాట నేనే చెప్పుకోవడం బాగుండదు, కానీ ఈ కథంతా ఆ దస్తూరి మీదే ఉంది కాబట్టి చెప్పక తప్పదు. నేను రాసింది చూసి ఎవరైనా "అబ్బ, ఎంత బాగుంది మేడం" అంటే ఆ పూట నాకు టీ కూడా అక్కర్లేదు. నోరు కాస్త దురుసు. స్టాఫ్ నాకు భయపడతారు. వెనకాల ఏదో పేరు పెట్టారని కూడా తెలుసు.

కొత్తగా ప్రమోషన్ మీద హెడ్‌మాస్టర్లయిన వాళ్లకు మాలాంటి పాతకాపులను మెంటార్లుగా ఇచ్చే పద్ధతి ఆ ఏడు మా దగ్గర మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషిని ఒక్క రోజులో తెచ్చి హెడ్ కుర్చీలో కూర్చోబెడితే ఏం చేస్తుంది? తాళాల గుత్తి చేతిలో పెడతారు. ఏ తాళం ఏ బీరువాదో ఎవరూ చెప్పరు. అందుకని పక్కన ఒక అనుభవమున్న మనిషి ఉండాలన్నారు. మంచి ఆలోచనే. ఇప్పటికీ మంచి ఆలోచనే అంటాను.

ప్రతి జంటకూ ఒక లాంగ్ నోట్‌బుక్. ఎడమ పేజీ కొత్త హెడ్‌ది. ఆ వారం వచ్చిన చిక్కు ఏదైనా దాచకుండా అక్కడ రాయాలి. కుడి పేజీ మెంటార్‌ది. జవాబు రాసి పుస్తకం వెనక్కి పంపాలి. శిక్షణలో మాకు పదేపదే చెప్పిన నియమం ఒక్కటే. ఈ పుస్తకం ఇద్దరి మధ్యే ఉండాలి, మూడో మనిషి చూడకూడదు, పై అధికారి అడిగినా సరే. నేను ముందు వరసలో కూర్చుని తలాడించాను. ఆ నియమాన్ని నోట్సులో గుండ్రంగా రాసుకుని కింద గీత కూడా కొట్టాను.

నాకు వచ్చిన జోడీ నస్రీన్. సదాశివపేట పిల్ల. వాళ్ల నాన్నది బట్టల దుకాణం. నాకంటే పదకొండేళ్లు చిన్న. కర్దనూర్ దాటాక ఉన్న ఒక ఊరి హైస్కూలుకు హెడ్‌గా వచ్చింది. ఆ బడిలో సగం మంది పిల్లలు కంపెనీల్లో పనిచేయడానికి బీహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన వాళ్ల బిడ్డలు. ఒక్కో తరగతిలో నాలుగు భాషలు. మొదటి వారం ఎడమ పేజీలో ఆరు ప్రశ్నలు రాసింది, లెక్కల టీచరు కదా, నంబర్లు వేసి మరీ. మొదటిది ఇప్పటికీ గుర్తుంది: "స్టాఫ్ మీటింగులో నాకంటే పెద్దవాళ్లు ఉంటే నేను కూర్చోవాలా, నిలబడాలా?"

నవ్వొచ్చింది. మురిపెం కూడా కలిగింది. కుడి పేజీ నిండా జవాబు రాశాను. అలవాటు చొప్పున ఆమె రాసిన దాంట్లో ఒత్తులు తప్పిన చోట ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. మర్నాడే ఫోన్ చేసింది. "మేడం, నన్ను గూడ పదో తరగతి పిల్లల్ల జమ కట్టిండ్రా ఏంది?" అని పకపకా నవ్వింది. మూడో వారానికి మేడం పోయి అక్క అయింది.

ఆ బడిలో ఆమెకు కుడిభుజం యాదగిరి సార్. సైన్సు చెప్పేవాడు. ఆ ఊరివాడే, వ్యవసాయం ఉన్న ఇల్లు. రిటైర్మెంటుకు మూడేళ్లుంది. ఎవరి పిల్లలు ఏ కిరాయి గదిలో ఉంటారో, ఎవరి నాన్న ఏ షిఫ్టుకు పోతాడో అన్నీ ఆయనకు తెలుసు. నస్రీన్ ఎడమ పేజీల్లో ఆయన పేరు లేని వారం లేదు. యాదగిరి సార్ ఇది చేశారు, యాదగిరి సార్ అది చూసుకున్నారు. నిజం చెప్పనా, అలా చదివినప్పుడల్లా నాకు చిన్నగా ఎక్కడో గుచ్చుకునేది. మెంటార్‌ని నేనా, ఆయనా? ఈ గుచ్చుకోవడానికీ, తర్వాత జరిగినదానికీ సంబంధం ఉందా? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నానో. ఒకసారి ఉందనిపిస్తుంది. మరోసారి లేదని ఒట్టు పెట్టగలననిపిస్తుంది.

ఒకరోజు గాలి మళ్లింది. ఈ పక్క ఉండేవాళ్లకు చెప్పనక్కర్లేదు, గాలి మళ్లితే కంపెనీల వాసన వస్తుంది. రోజూ ఉండేదే గానీ ఆరోజు బాగా ఎక్కువగా ఉందట. పిల్లలు దగ్గడం మొదలుపెట్టారు. ఇద్దరు ఆడపిల్లలు వాంతులు చేసుకున్నారు. బడి వదిలేయాలంటే పైనుంచి అనుమతి కావాలి. నస్రీన్ జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసింది, కలవలేదు. పక్కనే నిలబడి యాదగిరి సార్ తన ఫోన్‌తోనూ చేశాడు, అదీ కలవలేదు. ఇక లాభం లేదని ఆయనే ఊళ్లోకి పోయి ఆటోలు పట్టుకొచ్చాడు. పిల్లలందరినీ ఇళ్లకు చేర్చారు. ఎవరికీ ఏమీ కాలేదు.

బడిలో జరిగిందంతా ఎక్కించే లాగ్ బుక్కు మర్నాడు రాయాలి కదా. కుర్చీ ఎక్కి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. "జిల్లా కార్యాలయానికి ఫోన్ చేసి, అనుమతి తీసుకుని పిల్లలను పంపితిమి" అని రాసి సంతకం పెట్టింది. రాసిన గంటకే భయం పట్టుకుంది. ఆ వారం ఎడమ పేజీలో అంతా పెట్టింది. చివర్న ఇలా రాసింది: "ఫోన్ కలవలేదన్న సంగతి నాకూ యాదగిరి సార్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు అక్కా. నన్నేం చెయ్యమంటారు?"

నేను ఆ జవాబును ఎంత శ్రద్ధగా రాశానో! ముందు చిత్తు కాగితం మీద రాసి, దిద్దుకుని, అప్పుడు ఎక్కించాను. "పిల్లలను పంపడం నువ్వు చేసిన మంచి పని. లాగ్ బుక్కులో రాసింది మాత్రం మంచి పని కాదు. వేరే ఎవరో బయటపెట్టక ముందే నువ్వే వెళ్లి సరిదిద్దుకో. మొదటి రోజు ఒప్పుకుంటే అది పొరపాటు. పదో రోజు ఒప్పుకుంటే తప్పు. ఎన్నటికీ ఒప్పుకోకపోతే అది నీ స్వభావమైపోతుంది." చదువుకుని మురిసిపోయాను. ఇంతకంటే బాగా ఎవరు రాయగలరు అనుకున్నాను.

పుస్తకం మర్నాడు పంపాల్సింది. ఆ మధ్యాహ్నమే జిల్లా నుంచి ఒక అధికారి మా బడికి వచ్చారు. మెంటార్లు ఏం చేస్తున్నారో చూసి పోదామని వచ్చారట. మంచాయనే, నెమ్మదస్తుడు. టీ తాగుతూ అన్నారు.

"ఎక్కడికి పోయినా ఫోన్ల మాట్లాడుతున్నం సార్, ఫోన్ల మాట్లాడుతున్నం అంటున్నరు మేడం. చూపియ్యనీకె ఒక్కరి కాడ ఏం లేదు."

నా పుస్తకం బల్ల మీదే ఉంది. బ్రౌన్ అట్ట వేసి, పైన నా చేత్తో పేర్లు రాసి ఉంది.

ఇక్కడ ఆగాలి. ఈ ఒక్క నిమిషాన్ని ఎన్ని వందలసార్లు తిప్పి చూసుకున్నానో లెక్కలేదు. ఆయన అడగలేదు. నేనే తీసి ఇచ్చాను. ఏదో ఒక పేజీ కాదు, ఆ పేజీయే తెరిచి ఇచ్చాను. ఎందుకంటే అన్నిటికంటే బాగా రాసింది అదే. కుడి పేజీ మీద అరచెయ్యి ఆనించి, "జెర ఇది చూడుండ్రి సార్" అన్నాను. ఎడమ పేజీ ఉందన్న ధ్యాసే ఆ క్షణంలో నాకు లేదా? కళ్లున్న మనిషి పుస్తకం తెరిచి ఇస్తే రెండు పేజీలూ కనబడతాయని ఇన్నేళ్లు బడిపంతులమ్మగా ఉన్న నాకు తెలియదా? లేక చదివితే చదవనీ అనుకున్నానా? ఇంత చిక్కులో ఉన్న మనిషిని నేను దిద్దుతున్నానని ఆయనకు తెలియాలంటే ఆ చిక్కు కూడా తెలియాలి కదా అని ఏ మూలో లెక్క వేశానా? తెలియడం లేదు. దేవుడి మీద ఒట్టు, తెలియడం లేదు.

"ముత్యాల లెక్క ఉంది మేడం రైటింగ్," అన్నారాయన. "గిట్ల ఎవరు రాస్తరు ఇయ్యాల రేపు? ఒక ఫోటో తీసుకుంట, నమూనాగా పనికొస్తది." ఫోన్ పైకెత్తారు. రెండు పేజీలూ పడ్డాయి. నేను పుస్తకం చదునుగా పట్టుకున్నాను, మడత పడకుండా.

నాలుగు రోజులకు నస్రీన్‌కు మెమో వచ్చింది. "అనుమతి లేకుండానే అనుమతి పొందినట్లు నమోదు చేసిన విషయము ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది" అని. దృష్టికి ఎలా వచ్చినదో అందులో ఉండదు. ఎప్పుడూ ఉండదు.

ఆ సాయంత్రం బడి వదిలే వేళకు ఆటోలో మా బడికి వచ్చింది. బుర్ఖా అంచుతో మొహం తుడుచుకుంటూ నా గదిలో కూర్చుంది. నీళ్లిచ్చాను, తాగలేదు.

"మీరు రాసింది సదివిన అక్కా. సరిచేద్దామని లాగ్ బుక్కు తీసి బల్ల మీద పెట్టిన. పెన్ను మూత గూడ తీసిన. అంతల్నే టపా వచ్చింది."

"ఊకో నస్రీన్. మెమోకే గింత పరేషానైతవా? సంజాయిషీ రాస్తే అయిపోతది."

"మెమో గురించి కాదక్కా నా ఏడుపు. ఎవరు చెప్పిండ్రు? గది చెప్పుండ్రి మీరు. ఫోన్ కలవని సంగతి ఎవరికెర్క? యాదగిరి సార్‌కొక్కనికే."

బల్ల మీది కాగితాలు సర్దాను.

"మొన్న టైంటేబుల్ కాడ సార్‌కు నాకు మాట మాట అయింది. ఏడో పీరియడ్ వద్దన్నడు, నేను ఒప్పుకోలే. గంత దానికే గింత పని జేస్తడా అక్కా? ఇంట్ల మనిషి లెక్క సూసిన గద."

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నాకు బాగా గుర్తుంది, అనుకున్నాను. నాలుక మీదికి వచ్చింది. నస్రీన్, నేనే, పొరపాటైంది అంటే సరిపోతుంది. మూడు మాటలు. మొదటి రోజు ఒప్పుకుంటే అది పొరపాటు, నేనే రాశాను.

"మీకు గూడ తెల్సు గని," అంది తనే, కళ్లు ఒత్తుకుంటూ. "మీరంటే వేరే. మీరు నేను ఒకటే."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది. "ఎవరి మనసుల ఏముందో ఎవరికెర్క నస్రీన్?"

అంతే. అబద్ధం కాదు చూడండి. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇంతకంటే నిజమైన మాట నేను జన్మలో అనలేదేమో. ఆమె తలాడించింది. యాదగిరి సార్ గురించే అన్నానని అనుకుంది. అనుకోవాలనే నేనూ అన్నాను. దీని గురించి మాత్రం నాకు ఏ అయోమయమూ లేదు. పుస్తకం చూపించింది పొరపాటో కాదో తెలియదు గానీ, ఈ మాట పొరపాటు కాదు.

మెమోకు మందలింపుతో సరిపోయింది. కానీ బడి మాత్రం కుదుటపడలేదు. నస్రీన్ ఆయనతో మాట్లాడటం మానేసింది. ఏదైనా చెప్పాలంటే సర్క్యులర్ పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకునేది. ఆయన వచ్చి ఏమైంది మేడం అని అడిగితే, "మీకే తెల్వాలె సార్" అందట. స్టాఫ్ రెండు ముక్కలైంది. ఊళ్లోవాళ్లు ఆయన మనుషులు, వాళ్లూ బడికి రావడం తగ్గించారు. అన్నీ ఎడమ పేజీల్లో వచ్చేవి, నేను కుడి పేజీల్లో ఓపిక పట్టమని రాసేదాన్ని. సిగ్గులేకుండా రాసేదాన్ని. దస్తూరి మాత్రం చెదరలేదు.

ఏడాది తిరక్కుండానే అడిగింది. "మళ్ల లెక్కల టీచర్‌గనే పోత అక్కా. హెడ్ నాకొద్దు. రాసియ్యమంటరా?"

రాసియ్యి అన్నాను. నీ ఆరోగ్యం ముఖ్యం అన్నాను. ఆమె మీద జాలితో అన్నానా, ఆమె ఆ బడి వదిలిపోతే నా సంగతి కూడా అక్కడే పూడిపోతుందని అన్నానా? ఆ దరఖాస్తు కూడా నేనే రాసిపెట్టాను. మీ తెలుగు బాగుంటది అక్కా అంటే కాదనలేకపోయాను. బ్రహ్మాండంగా కుదిరింది. ఎవరూ వెనక్కి పంపలేరు అలాంటి దరఖాస్తును.

ఇప్పుడు సంగారెడ్డి పక్కన ఒక బడిలో లెక్కలు చెబుతోంది. బాగానే ఉన్నానంటుంది. ఏటా రంజాన్‌కు స్టీలు డబ్బా నిండా షీర్ ఖుర్మా పంపుతుంది. "ఆ టైంల మీరు ఒక్కరే నా దిక్కు నిలబడ్డరు" అని ప్రతిసారీ ఫోన్లో అంటుంది. నేను తింటాను. ఏం చెయ్యను, తింటాను. తేలు కుట్టిన దొంగ అరవగలడా?

యాదగిరి సార్ రిటైరయ్యాడు. సన్మానానికి నస్రీన్ వెళ్లలేదు. నేను వెళ్లి శాలువా కప్పాను. మొన్న సంగారెడ్డిలో ఒక పెళ్లిలో కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది. ప్లేటు పట్టుకుని నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మేడం, మీరు నస్రీన్ మేడంకు దగ్గర గద. ఒక్క ముచ్చట అడుగుత. నేను ఏం తప్పు చేసిన్నో చెప్పమనుండ్రి. తప్పు చేస్తే ఒప్పుకుంట. కాళ్లు మొక్కమన్నా మొక్కుత. ఏం చేసిన్నో తెల్వకుంట ఎట్ల సచ్చేది మేడం?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి పమిట మీదికి పోయింది. "కనుక్కుంట సార్" అన్నాను. ఆయన దండం పెట్టాడు. నాకు! ప్లేటులో అన్నం వదిలేసి బయటికి వచ్చి ఆటో ఎక్కాను. దారంతా ఏడుపు వచ్చింది. అది ఆయన కోసమా, నా కోసమా అని మళ్లీ అదే ప్రశ్న. ఇంత వయసొచ్చింది, నా ఏడుపు ఎవరిదో నాకే తెలియదు.

అంతటితో అయిపోలేదు. ఈ ఏడు కూడా కొత్త హెడ్‌మాస్టర్లు వచ్చారు, మళ్లీ నన్ను మెంటార్ అన్నారు. శిక్షణకు పోయాను. మంచి మెంటార్ జవాబు ఎలా ఉండాలో చూడండి అంటూ తెర మీద ఒక పేజీ వేశారు. నా పేజీ. ఎడమ సగం కత్తిరించి కుడి పేజీ ఒక్కటే పెట్టారు. నా పేరు లేకుండానే అందరికీ చూపించారు. నా పక్కన కూర్చున్న కొత్త హెడ్, చిన్నపిల్ల, శ్రద్ధగా దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంటోంది. మొదటి రోజు ఒప్పుకుంటే పొరపాటు. పదో రోజు. ఎన్నటికీ.

రాయడం ఆపి నా వైపు తిరిగింది. "మేడం, నేను రాసేది మీరు తప్ప ఎవరు సదవరు గద?" అని అడిగింది.

సదవరు అనలేకపోయాను. సదువుతరు అనీ అనలేకపోయాను. బాత్రూంకు పోవాలని లేచాను.

ఇంటికొచ్చి బీరువాలో చీరల కిందున్న నస్రీన్ పుస్తకం తీశాను. హెడ్ కుర్చీ వదిలిన రోజు, మీ కాడనే ఉండనియ్యుండ్రి అని ఇచ్చిపోయింది. చివరి ఎడమ పేజీలో ఒక్కటే వాక్యం ఉంది. నంబరు కూడా వేయలేదు. "యాదగిరి సార్ అట్లెందుకు చేశారు అక్కా?"

ఎదుటి పేజీ ఇన్నేళ్లుగా ఖాళీ. చిత్తు కాగితం తీసుకోలేదు. నేరుగా పెన్ను పెట్టాను. "ఆయన చెయ్యలేదు. నేను చూపించాను."

రాయడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఎందుకు చూపించానో రాద్దామని ఇంకో వాక్యం మొదలుపెట్టాను. తెలియలేదు, ఆపేశాను. ఈ పుస్తకం తీసుకుని బయలుదేరతానో లేదో, పోతే ముందు ఆమె ఇంటికి పోతానో ఆయన ఇంటికి పోతానో కూడా తెలియదు. ఆమె నన్ను క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు. క్షమించినా, ఆయనకు పోయిన ఆ రోజులను ఆమె తెచ్చి ఇవ్వలేదు కదా.

కానీ ఊపిరి మాత్రం కాస్త ఆడింది, అది దాచను. రాసింది మళ్లీ చదువుకున్నాను. అక్షరాలు వంకరగా పడ్డాయి, ఒక చోట ఒత్తు కూడా సరిగా పడలేదు. దిద్దలేదు.